రెండు గుంజల మధ్య

సాయంత్రం. సైకిల్ షాపు. మేనకోడలి కళ్ళకు వెలుతురు పడదని మామయ్య షట్టర్‌ను సగానికి దించాడు.

“అందుకే ఆదివారం అందర్నీ ఇక్కడికి పిలువు మామయ్యా. ఒక్కొక్కరి ఇంటికీ తిరిగి చెప్పుకునే ఓపిక నాకు లేదు.”

“ముందు కూర్చో తల్లీ. ఆ స్టూలుకి గ్రీజు ఉంది. ఆగు, గుడ్డ వేస్తాను.”

“వేశావులే, చాలు. పిలుస్తావా?”

“పిలవడానికేం భాగ్యం? ఇప్పుడే ఎందుకని. నీకు కాస్త నెమ్మదించాక అందరం కూర్చుందాం, నాలుగు కబుర్లు చెప్పుకుందాం.”

“కబుర్లకి కాదు. క్షమించమని అడగడానికి.”

“ఎవర్ని?”

“మన జట్టు వాళ్ళని. కండక్టర్ బాబాయిని, పొడుగన్నని, రేసులకి మన వెంట వచ్చే నర్సక్కని. అందరికంటే ముందు నిన్ను.”

“నన్నా? నన్నెందుకమ్మడూ? పిచ్చిగానీ పట్టిందా నీకు?”

“అందరి అనుమానమూ అదేగా.”

“ఛ, ఛ. నా ఉద్దేశం అది కాదు.”

“తెలుసులే. నేనే నవ్వుతున్నాను, నువ్వెందుకలా అయిపోతావు?”

“ఇదంతా మీ అమ్మ చెప్పి పంపిందా?”

“అమ్మ రోజూ చెబుతుంది. ‘తల బాగాలేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే అన్నయ్య నిన్ను పంపేవాడా? దాచిపెట్టి నీ బతుకూ పాడుచేసుకున్నావు, అన్నయ్య జట్టునీ ముంచావు’ అని. అన్నం పెడుతూ అదే, జడ వేస్తూ అదే. కాదనడానికేముంది? నిజమేగా.”

“దాని నోటికి హద్దూ పద్దూ లేదు. నేను మాట్లాడతాలే దాంతో.”

“ఏం మాట్లాడతావు?”

“నిన్ను తిట్టొద్దని.”

“తిట్టనీ మామయ్యా. రేసు జట్టు ఎత్తేశావటగా. సైకిళ్ళు కూడా ఎవరికో ఇచ్చేస్తున్నావని పొడుగన్న చెప్పాడు. నా వల్లేగా ఇదంతా.”

“నీ వల్ల కాదు. నాకే ఓపిక తగ్గింది. వయసు మీదపడటంలా?”

“రేసుల ముందు లేని వయసు ఇప్పుడొచ్చిందా? సరే, అది ఆదివారం తేల్చుకుందాం. నీతో ఇంకో పని ఉంది. డాక్టరుగారు ఏమన్నారంటే, పోయిన రోజుల్ని దగ్గరున్న వాళ్ళచేత చెప్పించుకుని వినమన్నారు. వింటుంటే ఒక్కోసారి కొంత తిరిగి వస్తుందట. వాన రేసు దాకా నాకు గుర్తుంది. ఆ తర్వాత కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. మధ్యలో ఏమీ లేదు. తుడిచేసినట్టు.”

“కండక్టర్ అయితే బాగా చెబుతాడు. ఉప్పూ కారం వేసి—”

“ఆయన రేసులో ఉన్నాడు, తన తిప్పలు తనవి. నా పక్కన ఉన్నది నువ్వు.”

“ఎక్కణ్ణించి చెప్పమంటావు?”

“మొదటి నుంచీ. నాకు తెలిసినవి కూడా చెప్పు. నా తలలో ఉన్నదాంతో సరిచూసుకుంటాను.”

“మొదటి రేసు కంకర గుట్టల దగ్గర. ఒకటే దుమ్ము. మనం వ్యాన్ దిగుతుంటేనే అవతలి వాళ్ళు ‘తోక జట్టు వచ్చిందిరా’ అన్నారు. ఏ పోటీకి వెళ్ళినా చివరి పేరు మనదేగా. కండక్టర్ డ్యూటీ దిగి అటునుంచి అటే వస్తాడు, కాళ్ళు లాగుతుంటాయి. పొడుగోడు దారికి అడ్డంగా పెట్టిన చెక్కల్ని సైకిలెత్తుకుని దాటుతుంటే సైకిల్ ఒక పక్కకీ తానొక పక్కకీ పడతాడు. ఇంక నువ్వు. నువ్వు ఆ చెక్కల దగ్గర దిగిన తీరు ఉందే! దిగినట్టే లేదు. సైకిల్ భుజాన పడింది, అంగలేసి చెక్కలు దాటావు, గట్టెక్కావు, పైకి పోయేసరికి మళ్ళీ సీటు మీదున్నావు. అవతలి జట్టు మాస్టారు అరటిపండు నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు.”

“పోయినసారి చెప్పినప్పుడు మొక్కజొన్న పొత్తు.”

“ఏదో ఒకటి, నమలలేదు. అది ముఖ్యం.”

“తర్వాత వాన రేసు.”

“వాన రేసు. అబ్బ. ఆ బురద! చక్రం తిరిగితే ఒట్టు. నువ్వు ఒక సైకిల్ మీద వచ్చి నా చేతిలో పడేసి రెండోది పట్టుకుపోయేదానివి. నేను దాన్ని కడిగేలోపు మళ్ళీ వచ్చేదానివి. నా ఒళ్ళంతా బురద. మీ అత్తయ్య గుర్తుపట్టక ఎవరు కావాలండీ అంది.”

“అది నాకు గుర్తుంది. ఆ రోజే మొదటిసారి మన పేరు పైకి వచ్చింది.”

“పైకి వచ్చింది. ఇంటికొచ్చేదాకా వ్యాన్‌లో ఒక్కడూ కూర్చోలేదు. కండక్టర్ టికెట్లు కొట్టినట్టు అందరి చేతులూ గిచ్చుకుంటూ తిరిగాడు, కలా నిజమా అని. ఆ రోజు నుంచే నాకు... సరే, వదిలెయ్.”

“నీకు?”

“నాకు ఆశ పుట్టింది. అంతే.”

“ఆశ పుడితే తప్పేంటి?”

“తప్పని ఎవరన్నారు?”

“ఆ తర్వాతది నర్సరీ తోటలో. ఇక్కణ్ణించి నాకు లేదు. మెల్లగా చెప్పు.”

“అందులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ—”

“పడ్డానటగా.”

“పడ్డావు. చెక్కల మీద నీళ్ళు. కాలు జారింది. తల చెక్క అంచుకి తగిలి హెల్మెట్ చీలింది. లేచావు, సైకిలెత్తుకున్నావు, పోయావు. చివరి గీత దాటావు. అది దాటడమే కావాలి మనకి. జట్టులో ఒక్క ఆడమనిషైనా గీత దాటకపోతే ఆ రోజు జట్టు మొత్తానికి సున్నా. మనకి ఉన్నది నువ్వొక్కదానివి.”

“పడ్డాక నర్సక్క నన్ను చూసిందా?”

“చూసింది. కళ్ళల్లో లైటు వేసి చూసింది. వాంతులైనా, చూపు తేడాగా ఉన్నా వెంటనే తనకి చెప్పమంది.”

“ఎవరితో అంది?”

“ఎవరితో ఏంటి? అక్కడున్న వాళ్ళతో.”

“అంటే నాతో.”

“నీతో. నాతో. ఇద్దరమూ ఉన్నాం.”

“అంత వివరంగా చెప్పి వెళ్ళిందా? మరి నేనెందుకు చెప్పలేదు మామయ్యా?”

“టీ తాగుతావా? ఎదురుగా కొత్తగా పెట్టారు, బాగుంటుంది.”

“వద్దు. నీకో సంగతి చెప్పనా? మొన్న మా ప్రెస్సుకి వెళ్ళాను. ఆఖరి రేసు ముందు వారం నేను ప్రూఫులు దిద్దిన పుస్తకం చూపించారు. ఏం చేశానో తెలుసా? ఒక పేజీలో అదే వరుస రెండుసార్లు పడిందని పక్కన రాసి కింది వరుస కొట్టేశాను. రెండుసార్లు పడనే లేదు. అక్కడున్నది ఒకటే వరుస. కింది వరుస వేరే. అలా చాలా చోట్ల. మా యజమాని తిట్టలేదు, పాపం. నీ కుర్చీ నీకే ఉంచుతానమ్మా అన్నాడు. ఇప్పుడు పది వరుసలు చదివితే కడుపులో తిప్పుతోంది, ఆ కుర్చీ ఏం చేసుకోను?”

“వస్తుంది. చూపు కుదురుకుంటుందన్నారుగా.”

“కుదురుకోవచ్చు అన్నారు. అది సరే. నేను చెప్పేది వేరే. ఒకటి రెండుగా కనిపిస్తోందని ఆ వారంలోనే నాకు తెలిసి ఉండాలి. ప్రూఫులు దిద్దేదాన్ని, అక్షరం వంకరపోతే పట్టుకునేదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే దాచాను. అమ్మ దగ్గర దాచానంటే సరే, గోల చేస్తుందని. నీ దగ్గర ఎందుకు దాచాను? ముల్లు గుచ్చుకున్నా నీ దగ్గరికే వచ్చేదాన్నిగా చిన్నప్పుడు.”

“ఇప్పుడవన్నీ తవ్వుకుంటే తల నొప్పెడుతుంది నీకు.”

“నొప్పెట్టనీ. ఆఖరి రేసు చెప్పు.”

“ఆఖరిది ఊరి బయట, గుట్ట మీద. మంచు కురుస్తోంది. మనమే ముందున్నాం. ఆ ఒక్కటీ గట్టెక్కితే కప్పు మనది. జనం బాగా వచ్చారు. ఈల వెయ్యగానే—”

“పొద్దున?”

“చెప్పానుగా, మంచు.”

“ఈల వెయ్యకముందు. దారి చూడటానికి వెళ్తాంగా మనిద్దరం, ఒక చుట్టు నడిచి. వెళ్ళామా?”

“వెళ్ళాం.”

“నేనేం మాట్లాడాను?”

“ఏవో. చక్రాల్లో గాలి కాస్త తగ్గించమన్నావు. ఇంకేముంటాయి.”

“బాగానే ఉన్నానా?”

“ఈల వెయ్యగానే నువ్వు గుంపులోంచి దూసుకుని—”

“మామయ్యా. బాగానే ఉన్నానా అని.”

“చలికి ముడుచుకున్నావు. అందరూ ముడుచుకున్నారు.”

“సరే. చెప్పు.”

“దూసుకుపోయావు. మొదటి చుట్టు బాగుంది. రెండో చుట్టులో గట్టు పైనుంచి దిగుతూ... దిగుతూ పడిపోయావు. అంతే. నేను పరిగెత్తుకుని వచ్చాను.”

“ఎత్తడానికా?”

“ఆఁ.”

“కండక్టర్ బాబాయి నీ భుజం మీద రెండో సైకిల్ ఉందన్నాడు.”

“ఉంది.”

“ఎందుకు?”

“నీ సైకిల్ విరిగిందనుకున్నాను. లేచి ఇది పట్టుకుపోతావనుకున్నాను. దగ్గరికి వచ్చేదాకా నాకు సైకిలే కనపడింది తల్లీ. ‘లే, లే, ఇదిగో’ అని అరుస్తూనే వచ్చాను. నువ్వు లేవలేదు. కండక్టర్ రేసు వదిలేసి వచ్చాడు, పొడుగోడు వదిలేసి వచ్చాడు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. నా భుజం మీద సైకిల్.”

“అందుకా నాకు మొహం చాటేస్తున్నావు ఇన్నాళ్ళూ? అదో పెద్ద విషయమా? ఎవరైనా అలాగే వస్తారు.”

“అలా అనకు.”

“నేను నీకు చెప్పలేదు కాబట్టి నువ్వు అలా వచ్చావు. చెప్పి ఉంటే అసలు ఎక్కనిచ్చేవాడివే కాదు. సరే, ఆ గుంజ సంగతి చెప్పు.”

“ఏ గుంజ?”

“నేను గుద్దుకున్నది. అందరూ ఆ గుంజ దాకా వచ్చి మాట మింగేస్తారు. నువ్వు ఆ పేరు కూడా ఎత్తలేదు. ఎలా ఉంటుందక్కడ?”

“మలుపు దగ్గర తాడు చివర కట్టడానికి పాతారు. మామూలు గుంజ.”

“దారి ఇరుకా?”

“కాదు.”

“లారీ పోతుందన్నాడు పొడుగన్న. అటూ ఇటూ బోలెడు జాగా. బ్రేకు కూడా పట్టలేదట నేను. ‘ఎవరో రమ్మని పిలిచినట్టు నేరుగా దాని మీదికే పోయావమ్మా’ అన్నాడు కండక్టర్ బాబాయి. దీని గురించే నేను వచ్చింది, నిజం చెప్పాలంటే. క్షమాపణ ఒకటి. ఇది ఒకటి.”

“దీనికేముంది, బురద—”

“బురద లేదు. వానల్లేక నేల గట్టిపడింది, అది కూడా కనుక్కున్నాను. మొన్న నర్సక్క వచ్చి, అమ్మని లోపలికి పంపి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. ‘ఆ రోజుల్లో నీకేమైనా దిగులుగా ఉండేదా? ఎవరైనా ఏమైనా అన్నారా?’ అని. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.”

“ఏమని?”

“కావాలనే పోయాననుకుంటున్నారు మామయ్యా.”

“ఎవడు? ఎవడన్నాడు?”

“ఎవరూ పైకి అనరు. నాకూ అదే అనిపిస్తోంది. తల దెబ్బ దాచానంటే, బ్రేకు పట్టలేదంటే, అంత జాగా ఉండగా గుంజ మీదికే పోయానంటే ఏమనుకోవాలి? ఆ వారాల్లో నేనెలాంటిదాన్నో నాకు తెలియదు. నాలోంచి ఎవరో వచ్చి ఇదంతా చేసి వెళ్ళిపోయినట్టుంది. గదిలో ఒక్కదాన్నే ఉంటే నాకు నేనంటేనే భయమేస్తోంది. అమ్మ కత్తిపీట దాచేసింది, తెలుసా? నాకు తెలియదనుకుంటోంది.”

“కాదు.”

“ఏంటి కాదు?”

“కావాలని కాదు. నువ్వు కావాలని పోలేదు.”

“నన్ను ఊరడించకు మామయ్యా. నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“ఎలా?”

“నీకు రెండు గుంజలు కనిపించి ఉంటాయి. వాటి మధ్యలోంచి పోదామనుకున్నావు.”

“మధ్యలోంచి ఎందుకు పోతాను? అటూ ఇటూ అంత దారి ఉండగా.”

“నేను పొమ్మన్నాను గనక.”

“నువ్వా?”

“ఇటు చూడకు. నేను అటు తిరిగే చెబుతాను. ఆ పొద్దున దారి చూడటానికి వెళ్ళాం. గట్టు మీద నువ్వు ఆగావు. కళ్ళు చికిలించి చూశావు. ‘మామయ్యా, కింద తాడు రెండుగా కనిపిస్తోంది. గుంజలు కూడా రెండేసి ఉన్నాయి. వారం నుంచీ ఇంతే’ అన్నావు. అంతా చెప్పావు. ప్రెస్సులో వరుసలు కలిసిపోతున్నాయని చెప్పావు. పొద్దున లేచాక వాంతైందని చెప్పావు. నర్సక్కని అడుగుదామా అని కూడా అన్నావు.”

“నువ్వేమన్నావు?”

“నర్స్ చూస్తే ఎక్కనివ్వదని నాకు తెలుసు. ఆవిడ అక్కడే ఉంది, వ్యాన్ దగ్గర, ఫ్లాస్కు మూత తీస్తోంది. నేను నవ్వేశాను. ‘రెండు కనిపిస్తే మరీ మంచిది, మధ్యలోంచి పో’ అన్నాను.”

“జోకా?”

“జోకే. జోకులాగే అన్నాను.”

“నేను?”

“నవ్వావు. నేనేం చెప్పినా నవ్వేదానివిగా. నవ్వి, సరే అన్నావు. హెల్మెట్ బకిల్ నేనే పెట్టాను, నీ చేతులు చలికి వణుకుతున్నాయని. తర్వాత నర్స్ నా దగ్గరికి వచ్చి పిల్ల తల ఎలా ఉందని అడిగింది. గుండ్రాయిలా ఉందని చెప్పాను.”

“తర్వాత? ఆసుపత్రిలో?”

“డాక్టరు అడిగాడు, ముందుగా ఏమైనా చెప్పిందా అని. పక్కన మీ అమ్మ నిలబడి ఉంది. చెబుదామనే నోరు తెరిచాను. ‘నాకేం చెప్పలేదండీ’ అని వచ్చింది. నువ్వు లేస్తే నువ్వే చెబుతావు కదా, అప్పుడు ఒప్పుకుందాంలే అనుకున్నాను. నువ్వు లేచావు. నీకు గుర్తులేదు. అప్పుడు నాకు... చెప్పకూడదు ఈ మాట, చెబుతాను. అప్పుడు నాకు హాయిగా ఊపిరి ఆడింది. వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. మీ అమ్మ వచ్చి, అన్నయ్య నా కూతురి కోసం ఎంత కుమిలిపోతున్నాడో అని మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను.”

“అప్పటి నుంచీ అమ్మ నన్ను తిడుతోంది.”

“నా ఎదురుగానే తిట్టింది ఒకటి రెండుసార్లు. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. అందుకే మీ ఇంటికి రావడం మానేశాను. జట్టు ఎత్తేసిందీ అందుకే. ఆ సైకిళ్ళని చూస్తే నీ మొహం కనపడుతోంది, నవ్వుతున్న మొహం. కొట్టినా సరే నన్ను, తిట్టినా సరే. ఆదివారం అందరి ముందూ—”

“ఆగు మామయ్యా. నువ్వు వేగంగా మాట్లాడితే నాకు అందదు. ఒక్కొక్కటీ అడుగుతాను. దానికి మాత్రం జవాబు చెప్పు.”

“అడుగు.”

“నేను దాచలేదు.”

“దాచలేదు తల్లీ.”

“నీకు చెప్పాను. అన్నీ చెప్పాను.”

“అన్నీ చెప్పావు.”

“నర్సక్కని అడుగుదామని కూడా నేనే అన్నాను.”

“నువ్వే అన్నావు.”

“చావాలని పోలేదు.”

“లేదు, లేదు. దారి చూసుకునే పోయావు. నేను చూపించిన దారి.”

“అయితే నాకేం కాలేదు. నేను నేనుగానే ఉన్నానన్నమాట ఆ రోజుల్లో. ఎప్పట్లాగే నీ దగ్గరికే వచ్చాను.”

“ఏడవకమ్మా. నీకు ఏడుపు మంచిది కాదు. తిట్టు, కావాలంటే.”

“ఏడుపు కాదిది. నిన్ను తిట్టడం తర్వాత చూస్తాను, ఇప్పుడు నా వల్ల కాదు. నా చెయ్యి పట్టుకో, మెట్టు దిగాలి.”

“ఎక్కడికి?”

“ఇంటికి. పద, అమ్మతో నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మదు మామయ్యా, తల చెడి నీ మీదికి నెట్టేస్తున్నాననుకుంటుంది.”